ఒకే టోల్యూన్, రెండు డ్రమ్ములు, రెండు రకాల లేబుళ్ళు - ఏది నమ్మాలి?

స్టోర్స్_కొత్తోడు:

అందరికీ నమస్తే. స్టోర్స్‌లో చేరి నాలుగు నెలలే అయ్యింది, నాకంటే ముందు చూసినాయన రిటైరైపోయారు, అడుగుదామంటే ఎవరూ లేరు. అందుకే ఇక్కడ పెడుతున్నా, మరీ చిన్న ప్రశ్న అనిపిస్తే తిట్టకండి.

మాకు టోల్యూన్ (థిన్నర్లలో, పెయింట్లలో వాడే సాల్వెంట్) ఇద్దరు సప్లయర్ల దగ్గర్నుంచి వస్తుంది. రెండూ 200 లీటర్ల డ్రమ్ములే, రెండిటి మీదా క్యాస్ నంబర్ (ఒక్కో కెమికల్‌కి ఇచ్చే గుర్తింపు నంబర్) ఒకటే, 108-88-3. అంటే సరుకు ఒకటే కదా. కానీ లేబుళ్ళు చూస్తే రెండు వేరే వేరే కెమికల్స్ అనుకుంటారు ఎవరైనా. మొదటి డ్రమ్ము మీద ఎర్ర అంచు డైమండ్లు మూడు ఉన్నాయి: మంట, ఆశ్చర్యార్థకం, ఇంకోటి ఛాతీ దగ్గర నక్షత్రంలా పగిలినట్టున్న మనిషి బొమ్మ. కింద డేంజర్ అని పెద్దక్షరాల్లో ఉంది. రెండో డ్రమ్ము మీద మంట, ఆశ్చర్యార్థకం అంతే, మనిషి లేడు, డేంజర్ బదులు వార్నింగ్ అని ఉంది. దాని పక్కనే నాలుగు రంగుల డైమండ్ స్టిక్కర్ ఒకటి అంటించారు, నీలంలో 2, ఎరుపులో 3, పసుపులో 0, తెల్లది ఖాళీ. ఇవి చాలవన్నట్టు రెండు డ్రమ్ముల మీదా మొత్తం ఎర్రగా ఉండే డైమండ్ ఇంకోటి, మంట బొమ్మ, కింద మూలలో 3.

ఇప్పుడు నా రిజిస్టర్‌లో 'హజార్డ్ కేటగిరీ' అని ఒక కాలమ్ ఉంది. మా సూపర్‌వైజర్ గారేమో రెండు చోట్ల 3 కనిపిస్తోంది కదా 3 అని రాసేయ్ అంటున్నారు. మొదటి సప్లయర్ కాగితంలో మాత్రం ఫ్లేమబుల్ లిక్విడ్ కేటగిరీ 2 అని ఉంది, అదే కాగితంలో చివర్లో క్లాస్ 3, ప్యాకింగ్ గ్రూప్ 2 అని కూడా ఉంది. బుర్ర తిరుగుతోంది.

ఇంకోటి, డ్రమ్ముల్లోంచి 5 లీటర్ల క్యాన్లలోకి వంచి లోపలికి పంపిస్తాం, వాటి మీద ఇప్పటిదాకా మార్కర్‌తో 'టి' అని రాసేవాళ్ళట. వచ్చే వారం ఆడిట్ ఉంది. క్యాన్ మీద ఏం రాయాలి, ఏ లేబుల్ చూసి రాయాలి?

లేబుల్_పిచ్చి:

తిట్టేదేం లేదు తమ్ముడూ, పదేళ్ళు పనిచేసిన వాళ్ళు కూడా సరిగ్గా ఇక్కడే బోల్తా పడతారు. నేను ల్యాబ్ నుంచి ఈ కాగితాల పనిలోకి వచ్చి చాలా కాలమైంది, నా పేరు చూస్తే తెలుస్తుంది కదా ఎంత ముదిరిందో.

ముందు ఆ అంకెల సంగతి. నువ్వు చూసిన 3లు రెండూ చుట్టాలు కాదు. మొత్తం ఎర్రగా ఉన్న డైమండ్ రవాణాది, ఐక్యరాజ్యసమితి రవాణా పద్ధతి. అక్కడ 3 అంటే ఎంత తీవ్రం అని కాదు, ఏ అరలో పెట్టారు అని. 1 పేలుడు పదార్థాలు, 2 గ్యాసులు, 3 మండే ద్రవాలు, 8 చర్మాన్నీ లోహాన్నీ తినేసేవి, అలా 9 అరలు. డీజిల్ అయినా ఈథర్ అయినా ఆ డైమండ్‌లో 3 అనే ఉంటుంది. తీవ్రత తెలియాలంటే ప్యాకింగ్ గ్రూప్ చూడాలి, 1 అయితే బాగా ప్రమాదం, 3 అయితే తక్కువ. టోల్యూన్‌కి 2.

నాలుగు రంగులది ఎన్ఎఫ్‌పీఏ 704, అమెరికా అగ్ని నివారణ సంఘం వాళ్ళ పద్ధతి. అది మంటలు ఆర్పడానికి వచ్చేవాళ్ళు దూరం నుంచి చూసి ఒక్క క్షణంలో అర్థం చేసుకోవడానికి పెట్టింది. అందులో 0 నుంచి 4 దాకా, 4 అంటే అన్నిటికంటే ఘోరం. నీలం ఆరోగ్యం, ఎరుపు మంట, పసుపు రియాక్టివిటీ, తెలుపులో నీళ్ళు తగలకూడదు లాంటి ప్రత్యేక గుర్తులు.

ఎర్ర అంచు, తెల్ల లోపలి భాగం ఉన్న బొమ్మలు జీహెచ్ఎస్‌వి, అంటే కెమికల్స్ ప్రమాదాలకి దేశాలన్నిటికీ ఒకేలా ఉండాలని పెట్టిన లేబుల్ పద్ధతి. ఇక్కడ లెక్క తలకిందులు, కేటగిరీ 1 అంటే అన్నిటికంటే ఘోరం, అంకె పెరిగేకొద్దీ తగ్గుతుంది. అంటే ఎన్ఎఫ్‌పీఏలో 3 అంటే గట్టిగానే భయపడాల్సింది, జీహెచ్ఎస్‌లో కేటగిరీ 3 అంటే కొంచెం తగ్గిన రకం. ఒకే డ్రమ్ము మీద రెండు ఎదురెదురు లెక్కలు అంటించి చూసేవాడే అర్థం చేసుకోవాలంటే ఎలా చెప్పు. ఇది పెట్టినవాళ్ళని నేను ఇప్పటికీ క్షమించలేదు.

జీహెచ్ఎస్‌లో మండే ద్రవాలకి చూసేది ముఖ్యంగా రెండు: ఫ్లాష్ పాయింట్ (నిప్పు చూపిస్తే ద్రవం పైన ఆవిరి అంటుకోవడం మొదలయ్యే ఉష్ణోగ్రత), మరిగే ఉష్ణోగ్రత. ఫ్లాష్ పాయింట్ 23 డిగ్రీల లోపు ఉండి 35 లోపే మరిగితే కేటగిరీ 1. ఫ్లాష్ పాయింట్ 23 లోపే ఉండి మరగడం 35 దాటాక అయితే 2. 23 నుంచి 60 దాకా 3. 60 దాటి 93 దాకా 4, ఈ నాలుగోదానికి మంట బొమ్మ కూడా ఉండదు, కొన్ని చోట్ల ఆ కేటగిరీనే తీసుకోలేదు. టోల్యూన్ ఫ్లాష్ పాయింట్ 4 డిగ్రీలు, మరిగేది 110 దాటాక. కాబట్టి కేటగిరీ 2, ఇందులో అభిప్రాయ భేదానికి చోటే లేదు. పోలికకి చెప్తున్నా, డైఇథైల్ ఈథర్ 35 లోపే మరుగుతుంది కాబట్టి 1, అసిటోన్ 2, జైలీన్ 3.

ఇప్పుడు నా అనుమానం ఒకటి. నీ రెండో డ్రమ్ము లేబుల్ మీద హెచ్ కోడ్లు (ఏ ప్రమాదమో చెప్పే నంబర్లు) ఉంటాయి చూడు, అందులో కేటగిరీ 2 మంటకి వచ్చే హెచ్225 కాకుండా కేటగిరీ 3కి వచ్చే హెచ్226 ఉందేమో చూసి చెప్పు. ఉందనే నా పందెం.

స్టోర్స్_కొత్తోడు:

అక్కా (అక్క అనొచ్చు కదా) మీకెలా తెలిసింది?? ఇప్పుడే వెళ్ళి చూసొచ్చా. రెండో డ్రమ్ము మీద హెచ్226, హెచ్315, హెచ్336. మొదటి దాని మీద హెచ్225, హెచ్304, హెచ్315, హెచ్336, హెచ్361డి, హెచ్373.

లేబుల్_పిచ్చి:

అనొచ్చు. జ్యోతిష్యం ఏం కాదు, వార్నింగ్ అన్నావు కదా, అక్కడే దొరికిపోయారు. కేటగిరీ 1, 2కి డేంజర్, 3, 4కి వార్నింగ్. ఎవరో ఆ లేబుల్ తయారుచేసేటప్పుడు నాలుగు రంగుల డైమండ్‌లో ఎర్ర 3 చూసి జీహెచ్ఎస్ కేటగిరీ 3 అనుకుని రాసేశారు, దానికి తగ్గట్టు హెచ్226 వచ్చింది, దాంతోపాటే వార్నింగ్ కూడా వచ్చింది. అంటే మీ సూపర్‌వైజర్ గారు నిన్ను చేయమంటున్న తప్పే ఆ సప్లయర్ దగ్గర ఎవరో ముందే చేసేశారన్నమాట.

ఇంకో విషయం, మంట సంగతి పక్కన పెట్టినా హెచ్304 ఒక్కటున్నా చాలు డేంజర్ రావాలి. ఒక లేబుల్ మీద డేంజర్, వార్నింగ్ రెండూ ఉండవు, పెద్దది ఉంటే చిన్నది తీసేయాలి.

సరే, లేబుల్ వదిలేయ్, రెండో సప్లయర్ ఎస్డీఎస్ (కెమికల్‌తో పాటు సప్లయర్ ఇచ్చే భద్రతా వివరాల కాగితం) తీయి. సెక్షన్ 2లో ఏముందో ఉన్నదున్నట్టు ఇక్కడ టైప్ చెయ్.

బ్రష్_మాస్టర్:

ఇదంతా చదువుతుంటే నవ్వొస్తోంది, ఏమీ అనుకోకండి. ఇరవై ఏళ్ళ నుంచి థిన్నర్‌తో పని చేస్తున్నా, ఏ డబ్బాలో ఏముందో మూత తీస్తే వాసనే చెప్తుంది, ఎన్ని బొమ్మలు అంటించినా చదివేవాడెవడు, ఆడిట్ వాళ్ళ కోసమే ఇవన్నీ. మంట దగ్గర పెట్టకూడదని చిన్నపిల్లాడికి కూడా తెలుసు.

ఫైర్_బకెట్:

మాస్టారూ మీ అనుభవానికి దండం, కానీ వాసన మాట మాత్రం ఒప్పుకోను. టోల్యూన్ వాసన కొంచెం ఉన్నా ముక్కుకి తగులుతుంది నిజమే, కాసేపు అక్కడే ఉంటే ముక్కు అలవాటు పడిపోయి వాసన లేదనే అనిపిస్తుంది, గాలిలో మాత్రం అంతే ఉంటుంది, పెరుగుతూ కూడా ఉండొచ్చు. బయట నుంచి కొత్తగా వచ్చినవాడు గుమ్మం దగ్గరే ముక్కు మూసుకుంటాడు, లోపలున్న మనం ఏం వాసన రా అంటాం. ఇది మీకూ జరిగే ఉంటుంది. ఆ హెచ్336 అంటే మత్తు, తల తిరగడం. హెచ్373 అంటే ఏళ్ళ తరబడి పీలిస్తే శరీరంలో అవయవాలు దెబ్బతినొచ్చు అని, టోల్యూన్ విషయంలో నరాల మీద. ఒకటి అడుగుతా, కోపం వద్దు. ఇంట్లో టీవీ సౌండ్ మీకు చాలట్లేదని ఎవరైనా అంటున్నారా? టోల్యూన్ వినికిడిని కూడా దెబ్బతీస్తుంది, చుట్టూ మెషీన్ల రొద ఉంటే ఇంకా ఎక్కువ.

చదివేవాడెవడు అన్నారు కదా, దానికి ఒక సంగతి చెప్తా. నా మొదటి ఉద్యోగంలో జరిగింది, కంపెనీ పేరు అనవసరం. బ్రష్షులు కడగడానికి ఒకతను మంచినీళ్ళ బాటిల్‌లో టోల్యూన్ పోసి కిటికీలో పెట్టాడు. లేబుల్ లేదు, 'టి' అని కూడా లేదు. మధ్యాహ్నం ఇంకో కుర్రాడు వచ్చి దాహమేసి ఎత్తి పోసుకున్నాడు, ఒక్క గుక్క, వెంటనే ఉమ్మేశాడు కానీ కొంత లోపలికి వెళ్ళింది. అప్పటికి మనిషి బాగానే ఉన్నాడు. పక్కనున్నవాళ్ళు మంచి చేద్దామనే ఉప్పునీళ్ళు తాగించి గొంతులో వేలు పెట్టి కక్కించారు. అక్కడ చెడింది పని. రాత్రికి దగ్గు, ఆయాసం, ఊపిరితిత్తులు వాచిపోయి ఆస్పత్రిలో తొమ్మిది రోజులున్నాడు. బతికాడు లెండి.

కక్కించకపోతే అంత అయ్యేది కాదని డాక్టర్ చెప్పాడు. టోల్యూన్ నీళ్ళకంటే పల్చన, కక్కేటప్పుడు గొంతు దగ్గర దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది. హెచ్304 చెప్పేది అదే, మింగి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాంతకం. దానితో పాటు వచ్చే పి331 అంటే కక్కించవద్దు. రెండో డ్రమ్ము లేబుల్ మీద లేని హెచ్304 అంటే ఆ రోజు ఆ కుర్రాడి దగ్గర నిలబడ్డవాళ్ళకి ఎవరూ చెప్పని ముక్క అన్నమాట. ఇది ఆడిట్ కోసం కాదు మాస్టారూ.

బ్రష్_మాస్టర్:

టీవీ మాట మా ఆవిడ మీతో చెప్పిందా ఏంటి.

సరే, కక్కించకూడదన్నది నిజంగా నాకు తెలీదు. విషం ఏదైనా ముందు కక్కించాలనే విన్నాను ఇన్నాళ్ళూ.

స్టోర్స్_కొత్తోడు:

ఫైర్ అన్నా అది చదివాక కిందికెళ్ళి కిటికీలన్నీ చూసొచ్చా. బాటిల్ ఒకటి దొరికింది, ఏముందో తెలీదు, మూత బిగించి పక్కన పెట్టించా.

అక్కా, రెండో సప్లయర్ ఎస్డీఎస్ తీశాను. అందులో హెచ్ కోడ్లే లేవు! సెక్షన్ 2లో ఇలా ఉంది: ఆర్11, ఆర్38, ఆర్48/20, ఆర్63, ఆర్65, ఆర్67. పక్కన నారింజ రంగు చతురస్రంలో మంట, ఇంకో దాంట్లో అడ్డంగా గీతల ఎక్స్ గుర్తు. ఇది వేరే కెమికల్ కాగితం పంపారా? మనిషి బొమ్మకి సంబంధించింది ఏదీ కనిపించట్లేదు.

లేబుల్_పిచ్చి:

అబ్బ, ఈ ఆర్ కోడ్లు చూసి ఎన్నాళ్ళయ్యిందో. వేరే కెమికల్ కాదు, టోల్యూన్‌దే, కాకపోతే కాలం చెల్లిన కాగితం. యూరప్‌లో జీహెచ్ఎస్ రాకముందు వాడిన పద్ధతి అది, నారింజ చతురస్రాలు, ప్రమాదం చెప్పే ఆర్ వాక్యాలు, జాగ్రత్త చెప్పే ఎస్ వాక్యాలు. అక్కడే 2015 జూన్ 1 నుంచి ఎస్డీఎస్‌లో కొత్త పద్ధతి వర్గీకరణ మాత్రమే ఉండాలి. జీహెచ్ఎస్ నియమాల ఊదా రంగు పుస్తకం మొదటిసారి వచ్చింది 2003లో, రెండేళ్ళకోసారి సవరిస్తూనే ఉన్నారు. మీ సప్లయర్ ఇంకా తాతల నాటి జిరాక్స్ తిప్పుతున్నాడు.

కానీ అసలు తమాషా ఇప్పుడు చూడు. మనిషి బొమ్మకి సంబంధించింది ఏదీ లేదన్నావు, ఉంది. ఆర్63 అంటే కడుపులో బిడ్డకి హాని జరగొచ్చు అని, ఇప్పటి హెచ్361డి అదే. ఆర్65 అంటే మింగితే ఊపిరితిత్తులకి దెబ్బ, అదే హెచ్304. ఆర్48/20 ఎక్కువ కాలం పీలిస్తే హాని, అదే హెచ్373. ఈ మూడిట్లో ఏ ఒక్కటున్నా ఆ ఛాతీ పగిలిన మనిషి బొమ్మ రావాలి. ఆర్38 చర్మం మంట పుట్టడం, హెచ్315. ఆర్67 మత్తు, హెచ్336. ఇక ఆర్11, అది 'బాగా తేలిగ్గా అంటుకునేది' అని, హెచ్225తో సరిపోతుంది, హెచ్226తో కాదు.

అర్థమైందా, వాళ్ళ కాగితంలో ఆరు ఉన్నాయి. లేబుల్ చేసినవాడు అందులో మూడింటిని వదిలేశాడు, మంటని ఒక మెట్టు దించేశాడు. వదిలేసిన మూడూ ఒకే బొమ్మవి. కంప్యూటర్‌లో మనిషి బొమ్మ ఫైలు లేదేమో, ఉన్న రెండు బొమ్మలతో సరిపెట్టేశారేమో, ఇది నా ఊహ మాత్రమే. నువ్వు చేయాల్సింది, వాళ్ళకి రాతపూర్వకంగా మెయిల్ పెట్టు: మీ లేబుల్ మీ సొంత ఎస్డీఎస్‌తోనే సరిపోవట్లేదు, 16 సెక్షన్ల కొత్త ఎస్డీఎస్, సరైన లేబుళ్ళు పంపండి అని. వచ్చేదాకా ఆ డ్రమ్ముల మీద మొదటి సప్లయర్ ఎస్డీఎస్ ప్రకారం నీ లేబుల్ నువ్వే అంటించు, కానీ వాళ్ళ పాత లేబుల్ పీకేయకు, ఫోటో తీసి పెట్టుకో, లాట్ నంబర్ కనిపించాలి.

అలాగే అనాలిసిస్ సర్టిఫికెట్‌లో బెంజీన్ ఎంతుందో చూడు. టోల్యూన్‌లో బెంజీన్ కల్తీగా మిగిలిపోతుంది ఒక్కోసారి. 0.1 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే కథే మారిపోతుంది, క్యాన్సర్‌కి హెచ్350, జన్యు లోపాలకి హెచ్340 వచ్చి చేరతాయి. ఇద్దరు మంచి సప్లయర్ల లేబుళ్ళు వేరేగా ఉండటానికి న్యాయమైన కారణం అంటూ ఉంటే ఇలాంటిదే ఉండాలి. నీ కేసులో మాత్రం అది కాదు, ఉత్త నిర్లక్ష్యం.

మిక్సింగ్_గది:

మధ్యలో దూరుతున్నందుకు సారీ, ఇదే సందర్భంలో అడిగేస్తా. మేం టోల్యూన్ కలిపిన థిన్నర్ చేస్తాం, పెయింట్ కూడా చేస్తాం. టోల్యూన్ 15 శాతం ఉంటే టోల్యూన్ లేబుల్ మొత్తం అలాగే కాపీ చేయాలా, లేక 15 శాతమే కదా అని తగ్గించొచ్చా?

లేబుల్_పిచ్చి:

రెండూ కాదు. ఒక్కో ప్రమాదానికి ఒక్కో గీత ఉంటుంది, మిశ్రమంలో ఆ గీత దాటితేనే ఆ కోడ్ వస్తుంది. బిడ్డకి హాని అన్న హెచ్361డి అయితే 3 శాతం నుంచే పట్టుకుంటుంది చాలా చోట్ల (కొన్ని దేశాల్లో 0.1 నుంచే), నీ 15కి ఖాయం. చర్మం మంట 10 శాతం నుంచి, హెచ్373 కూడా 10 నుంచి. మత్తుకి 20 అని మామూలుగా తీసుకుంటారు, అంటే నీ టోల్యూన్ ఒక్కటే అయితే రాదు, కానీ మత్తు ఇచ్చే సాల్వెంట్లు పక్కన ఇంకా ఉంటే కూడాలి.

హెచ్304 దగ్గరే మజా. అలాంటి హైడ్రోకార్బన్లు మొత్తం 10 శాతం దాటాలి, దాంతో పాటు 40 డిగ్రీల దగ్గర చిక్కదనం 20.5 లేదా అంతకంటే తక్కువ ఉండాలి, చదరపు మిల్లీమీటర్లు సెకనుకి అన్న లెక్కలో. ఒట్టి టోల్యూన్‌కి అది 1 కూడా దాటదు. నీ థిన్నర్ కూడా పల్చనే కాబట్టి హెచ్304 వస్తుంది, అదే 15 శాతం టోల్యూన్ ఉన్న చిక్కటి పెయింట్‌కి రాకపోవచ్చు, ఎందుకంటే తేనెలా ఉండేది ఊపిరితిత్తుల్లోకి అలా జారదు. అందుకని చిక్కదనం కొలవకుండా కోడ్ పెట్టొద్దు, తీయొద్దు.

మంటకి మాత్రం శాతాల లెక్క లేదు, ఫ్లాష్ పాయింట్ కొలిపించడమే. సగం ఇది సగం అది కాబట్టి మధ్యలో ఉంటుందిలే అనుకుంటే మోసపోతావ్, తేలిగ్గా ఆవిరయ్యేది కొంచెం కలిసినా మొత్తం ఫ్లాష్ పాయింట్‌ని కిందికి లాగేస్తుంది.

ట్యాంకర్_33:

నా పేరు ఎందుకు అలా పెట్టుకున్నానో ఇప్పుడు చెప్పే ఛాన్స్ వచ్చింది :) ట్యాంకర్ల మీద నారింజ పలక ఉంటుంది కదా కొన్ని దేశాల్లో, పైన 33, కింద 1294 ఉంటే అది టోల్యూన్. 1294 యూఎన్ నంబర్, రవాణాలో సరుకు ఏదో గుర్తుపట్టే నంబర్. పైన 3 అంటే మండే ద్రవం, దాన్ని రెండుసార్లు వేస్తే ఎక్కువ ప్రమాదం అని, ఫ్లాష్ పాయింట్ 23 లోపు అన్నమాట. అదే 30 అని ఉంటే 23 దాటినది. ముందు ఎక్స్ ఉంటే నీళ్ళు కొట్టొద్దని. చూశారా ఇక్కడ మళ్ళీ అంకెల లెక్క వేరే, డ్రైవర్లకి ట్రైనింగ్‌లో చెప్పేటప్పుడు ఇదొక తలనొప్పి.

స్టోర్స్ తమ్ముడూ, డ్రమ్ముల మీద రవాణా డైమండ్ 10 సెంటీమీటర్లు ఉంటుంది, బండి మీద 25. లోపల స్టోర్స్‌లో వాడే 5 లీటర్ల క్యాన్‌కి ఈ రవాణా గుర్తు అవసరం లేదు, జీహెచ్ఎస్ బొమ్మలే పెట్టు. క్యాన్ గేటు దాటి రోడ్డెక్కితే అది వేరే సంగతి.

ఫైర్_బకెట్:

క్యాన్ల మాట వచ్చింది కాబట్టి, అవి ప్లాస్టిక్‌వా రేకువా? ముందు ఇది చెప్పు, లేబుల్ తర్వాత.

స్టోర్స్_కొత్తోడు:

రెండూ ఉన్నాయి అన్నా. ప్లాస్టిక్‌వే ఎక్కువ, తేలిగ్గా ఉంటాయని.

ఫైర్_బకెట్:

ప్లాస్టిక్‌వి ఆ పనికి తీసెయ్. టోల్యూన్ పైపులోంచి పారేటప్పుడు స్టాటిక్ కరెంట్ పుడుతుంది, అది కరెంటుని తేలిగ్గా పోనివ్వని ద్రవం కాబట్టి ఆ చార్జ్ అలాగే పోగుపడుతుంది. ప్లాస్టిక్ క్యాన్‌ని ఎర్త్ చేయలేవు. రేకు క్యాన్ అయితే డ్రమ్ముకీ క్యాన్‌కీ మధ్య వైరు క్లిప్పులు వేసి డ్రమ్ముని ఎర్త్ చేయొచ్చు. క్లిప్ పెయింట్ మీద పెడితే పెట్టనట్టే, పెయింట్ గీకి మెరిసే రేకు మీద పళ్ళు దిగేలా పెట్టాలి. పైనుంచి జారవిడవకుండా గొట్టం క్యాన్ అడుగు దాకా పెట్టి నెమ్మదిగా వదలాలి. లేబుల్ మీద పి240 అని ఉంటుంది చూడు, అది ఇదే, నేను వెళ్ళిన ఎన్ని చోట్ల ఆ లైను ఉండి వైరు మాత్రం లేదో.

ఫ్లాష్ పాయింట్ 4 డిగ్రీలు అని అక్క చెప్పింది కదా, దానర్థం ఏంటంటే ఫ్రిజ్‌లో పెట్టినా దాని పైన ఆవిరి అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది, మామూలు గదిలో సంగతి ఇక చెప్పక్కర్లేదు. గాలిలో సుమారు 1.1 శాతం ఆవిరి చేరితే చాలు, 7 శాతం దాకా నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ ఆవిరి గాలికంటే మూడు రెట్లు బరువు, పైకి పోదు, నేల మీద పాకుతూ కాలవల్లోకి, గుంటల్లోకి దిగుతుంది. పై కిటికీ తెరిచాం కదా అని సంబరపడొద్దు.

ఖాళీ డ్రమ్ముల మీద లేబుళ్ళు పీకొద్దు. నిండు డ్రమ్ముకంటే ఖాళీదాన్ని చూస్తేనే నాకు భయం, లోపల అడుగున గరిటెడు మిగిలినా ఆవిరి నిండి ఉంటుంది, ఎవడో వచ్చి మంచి డ్రమ్ము అని గ్యాస్ కట్టర్ పెడతాడు.

స్టోర్స్_కొత్తోడు:

రేకు క్యాన్లు పది తెప్పించమని ఇండెంట్ పెట్టేశా. గ్లవ్స్ నైట్రైల్ నీలం రంగువి ఉన్నాయి, పర్లేదా?

లేబుల్_పిచ్చి:

చిందితే వెంటనే మార్చేసేట్టు అయితే పర్లేదు. ఆ పల్చటి నీలం గ్లవ్‌ని టోల్యూన్ నిమిషాల్లో దాటేస్తుంది, చిరగదు కాబట్టి నీకు తెలియదు. చెయ్యి ముంచే పని ఉంటే వైటాన్ అనే రబ్బరు లాంటివి కావాలి, ఎస్డీఎస్ సెక్షన్ 8లో రాసి ఉండాలి, ఉత్త 'తగిన గ్లవ్స్' అని ఉంటే సప్లయర్‌ని అడుగు.

స్టోర్స్_కొత్తోడు:

సరే, అందరూ చెప్పింది కలిపి 5 లీటర్ల క్యాన్‌కి ఇలా రాశాను, చూసి చెప్పండి:

టోల్యూన్, క్యాస్ 108-88-3. బొమ్మలు మూడు: మంట, మనిషి, ఆశ్చర్యార్థకం. డేంజర్ / ప్రమాదం. బాగా తేలిగ్గా అంటుకునే ద్రవం, ఆవిరి కూడా. మింగి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం పోవచ్చు. చర్మానికి మంట. మత్తు, తల తిరుగుడు. కడుపులో బిడ్డకి హాని జరగొచ్చని అనుమానం. ఎక్కువ కాలం పీలిస్తే అవయవాలకి దెబ్బ. నిప్పుకీ వేడికీ దూరం. మూత బిగించాలి. క్యాన్‌కి ఎర్త్ వైరు. గ్లవ్స్, కళ్ళద్దాలు. మింగితే కక్కించవద్దు, వెంటనే డాక్టర్. డ్రమ్ము లాట్ నంబర్, నింపిన తేదీ, సప్లయర్ పేరు, ఫోన్.

రిజిస్టర్‌లో కేటగిరీ 2 అని రాశా. సూపర్‌వైజర్ గారికి ఈ చర్చ మొత్తం చూపించా, ఏం మాట్లాడలేదు కానీ కాలమ్ పైన ఆయనే పెన్నుతో 'జీహెచ్ఎస్' అని రాశారు.

లేబుల్_పిచ్చి:

బాగుంది, నేను చూసిన చాలా ప్రింటెడ్ లేబుళ్ళ కంటే బాగుంది. ఆశ్చర్యార్థకం ఉంచాలా అని అనుమానం రావొచ్చు నీకు, ఉంచు. పుర్రె బొమ్మ ఉంటే విషం విషయంలో ఆశ్చర్యార్థకం పోతుంది, చర్మాన్ని తినేసే రకానికి పెట్టే బొమ్మ ఉంటే చర్మం మంట విషయంలో పోతుంది, మనిషి బొమ్మ అయితే శ్వాస అలర్జీ కోసం వచ్చినప్పుడే అలా చేస్తుంది. నీది ఆ కోవ కాదు.

'కక్కించవద్దు' అన్నది మాత్రం మిగతా వాక్యాల్లో కలపకు, విడిగా లావుగా రాయి. సైజు యూరప్ లెక్కలో 3 నుంచి 50 లీటర్ల డబ్బాకి లేబుల్ 74 బై 105 మిల్లీమీటర్లు ఉండాలంటారు, ఆ కొలత ఎవరికైనా పనికొస్తుంది. మూత మీద అంటించకు, మూతలు మారిపోతాయి.

బ్రష్_మాస్టర్:

నా దగ్గర నాలుగు డబ్బాలున్నాయి. నువ్వు రాసింది అలాగే ఎత్తి రాసుకుంటున్నా బాబూ.

స్టోర్స్_కొత్తోడు:

ఒక చిన్న అప్‌డేట్, నవ్వకండి. నిన్న లేజర్ ప్రింటర్‌లో చక్కగా ప్రింట్ తీసి పాత రేకు క్యాన్‌కి అంటించా. మొదటిసారి వంచేటప్పుడే మూతి నుంచి ఒక చుక్క జారింది, వేలితో తుడిచా, డేంజర్‌లో డే పోయి 'ంజర్' మిగిలింది. టోల్యూన్ టోనర్‌ని కరిగించేస్తోంది!

లేబుల్_పిచ్చి:

హహహ, ఇది చెప్పడం మర్చిపోయా, తప్పు నాదే. కాగితం కాదు, పాలిస్టర్ లేబుల్ మీద రెసిన్ రిబ్బన్ వాడే థర్మల్ ట్రాన్స్‌ఫర్ ప్రింటర్‌తో తీయించు. సముద్రం మీద వెళ్ళే డ్రమ్ముల గుర్తులు మూడు నెలలు ఉప్పునీళ్ళలో మునిగినా చదవగలిగేలా ఉండాలి, అలాంటి రకమే అడుగు. తీసుకునే ముందు ఒక ముక్క తెచ్చి దాని మీద నీ టోల్యూన్ చుక్క వేసి గట్టిగా రుద్ది చూడు, సప్లయర్ మాట నమ్మకు. అప్పటిదాకా ప్రింట్ మీద ప్లాస్టిక్ పొర వేసి మూతికి అవతలి వైపు అంటించు.

ఫైర్_బకెట్:

గ్లవ్ లేకుండా వేలితో తుడిచావన్నమాట.

స్టోర్స్_కొత్తోడు:

...అవునన్నా.